పావురం కాలికి దొరికిన 27 గ్రూపులు: ఇంకా విడిపోని యుద్ధకాలపు సంకేత పత్రాల మీద పని ఎలా మొదలుపెట్టాలి

1982లో ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతం, బ్లెచింగ్లీ అనే ఊళ్లో ఒకాయన తన ఇంటి పాత పొగగొట్టం శుభ్రం చేస్తుంటే మసితో పాటు పావురం ఎముకలు రాలిపడ్డాయి. ఒక కాలి ఎముకకి ఇంకా చిన్న ఎర్ర గొట్టం తగిలించి ఉంది. మూత తీస్తే లోపల సిగరెట్ కాగితమంత పలుచటి కాగితం, దాని మీద చేత్తో రాసిన 27 గ్రూపులు, గ్రూపుకి ఐదు ఇంగ్లీషు పెద్దక్షరాలు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ దాదాపు 2,50,000 పావురాలను సందేశాల కోసం వాడింది, వాటిలో ఒకటి ఆ ఇంటి పొగగొట్టంలోనే ప్రాణం విడిచింది. 2012 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వ సంకేత నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ ఆ కాగితం చూసి, అప్పటి కోడ్‌బుక్కులు (మాట బదులు ఏ గుర్తు రాయాలో చెప్పే పుస్తకాలు), దాని మీద ఇంకో పొర సైఫర్ (అక్షరాలని మార్చేసే పద్ధతి) ఉంటే ఆ వివరాలు దొరక్కుండా దీన్ని విప్పడం కుదరదని చెప్పింది.

నేను ఈ పనిలోకి వచ్చింది ఆ కాగితంతోనే. అందరిలాగే నేనూ ముందు ఊహించడం మొదలుపెట్టాను, ఈ గ్రూపు అంటే "ట్యాంకులు" అయ్యుంటుందా, ఆ గ్రూపు అంటే "జర్మన్లు" అయ్యుంటుందా అని నెలల తరబడి. అది పూర్తిగా తప్పు దారి. ఒక సంకేత పత్రం చేతికొస్తే అదేంటో ఊహించే ముందు అది ఏది కాదో లెక్కపెట్టి తేల్చాలి. ఇది ఒక్క సాయంత్రంలో అయ్యే పని, పెద్ద లెక్కలు కూడా అక్కర్లేదు, స్ప్రెడ్‌షీట్ చాలు. ఈ మార్గదర్శి అంతా ఆ క్రమంలోనే రాశాను. ఎక్కువగా పావురం కాగితమే ఉదాహరణ, అది సరిపోని చోట వేరే యుద్ధాల పత్రాలు తెచ్చాను.

మొదటి అడుగు: ఏ పత్రం ఎంచుకోవాలి

విడిపోని పత్రాలన్నీ ఒక రకం కాదు. కొన్ని ఎవరూ సరిగ్గా కూర్చుని చూడక మిగిలిపోయాయి, కొన్ని నిజంగానే విడిపోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మొదటి రకం కావాలి. దానికి నేను చూసేవి మూడు: పత్రం పొడవు, ఏ భాషలో రాసి ఉంటుందో అన్న అంచనా, అదే మనుషులు అదే కాలంలో రాసిన ఇంకొన్ని కాగితాలు దొరకడం. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒంటరి కాగితం ఎంత ఆసక్తిగా ఉన్నా చేతికి చిక్కదు, అదే చేతిరాతలో పది ఉత్తరాలుంటే మాత్రం ఆశ పెట్టుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతాయంటే, లండన్ శివార్లలో క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్‌డబ్ల్యూ అన్న వరుస అంతా జీసీహెచ్‌క్యూ నుంచి వచ్చిన రికార్డులే. అమెరికాలో అయితే మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో నేషనల్ ఆర్కైవ్స్ రికార్డ్ గ్రూప్ 457 చూడాలి. పాత శతాబ్దాల యూరప్ యుద్ధాలు, రాయబారుల ఉత్తరాల మీద ఇష్టముంటే డీకోడ్ అనే డేటాబేస్ ఉంది, పరిశోధకులు సంకేత పత్రాల స్కాన్లు ఒకచోట పోగేస్తున్నారు, మొదలుపెట్టడానికి నా ఓటు దానికే. కేటలాగులో రాసిందాన్ని పూర్తిగా నమ్మకండి. ప్యారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో 16వ శతాబ్దం మొదట్లోని ఇటలీ వ్యవహారాలు అన్న పేరు కింద పడి ఉన్న ఉత్తరాల కట్టని విప్పితే, అవి స్కాట్లండ్ రాణి మేరీ చెరలో ఉండి 1578 నుంచి 1584 మధ్య రాసిన 57 ఉత్తరాలని తేలింది. అది బయటపడింది 2023లో. ఇటాలియన్ అనుకుని మొదలుపెట్టినవాళ్లకి లోపల ఫ్రెంచి కనిపించింది.

మన వైపు సంగతి కూడా ఒకటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆ దాడికి ముందు వారాల్లో హిందూ మహాసముద్రం వైపు వస్తున్న జపాన్ నౌకాదళం వైర్‌లెస్ సందేశాలని కొలంబోలోని బ్రిటిష్ కోడ్‌బ్రేకర్లు కొంత మేరకు చదవగలిగారు. ఢిల్లీలో ఆనంద్ పర్బత్ మీద వైర్‌లెస్ ఎక్స్‌పెరిమెంటల్ సెంటర్ అన్న మామూలు పేరుతో నడిచింది కూడా ఇదే పని చేసే కేంద్రం. విశాఖ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఈ వైపు నుంచి మొదలుపెడితే క్యూలోని ఫైళ్లు సొంత ఊరి కథలా చదువుకోవచ్చు.

రెండో అడుగు: నకలు రాసుకోవడం

చాలామంది తేలిగ్గా తీసుకునేది, తర్వాత అందరి పనినీ పాడుచేసేది ఇదే. స్కాన్‌ని పెద్దది చేసి, ఒక్కో అక్షరం ఒక్కో గడిలో రాయండి. అనుమానం ఉన్న అక్షరం పక్కన రెండో అవకాశం కూడా రాయండి, ఒక రంగు వేయండి. మర్నాడు మొదటి నకలు చూడకుండా మళ్లీ మొదట్నుంచి రాసి రెండూ పోల్చండి. నేను ఒకసారి ఒక ఉత్తరంలో ఒకే ఒక్క అక్షరం వదిలేశాను, ఆ తర్వాత గడులన్నీ ఒకటి పక్కకి జరిగిపోయాయి, దాని మీద చేసిన రెండు వారాల లెక్కలు మొత్తం పనికిరాకుండా పోయాయి.

పావురం కాగితంలో కూడా ఈ సమస్య ఉంది. చేతిరాతలో "డబ్ల్యూ", "యూ" ఒకలాగే కనిపించే చోట్లున్నాయి, చివరి వరుసలో ఒక అక్షరాన్ని కొందరు "ఎఫ్" అని, కొందరు "జీ" అని చదివారు. అందుకే మీకు దొరికే నకళ్లు ఒకదానితో ఒకటి కలవవు. ఎవరో టైప్ చేసింది తీసుకోకండి, ఫొటో చూసి మీరే రాసుకోండి.

అక్షరాలే కాదు, కాగితం మీదున్న ప్రతి గీతా, అంకే, చెరిపివేతా రాసుకోవాలి. సంకేతం రాసినవాడు ఎక్కడ తడబడ్డాడో చెప్పేవి అవే.

మూడో అడుగు: సంకేతం కాని భాగం చదవడం

సంకేతంలో లేని మాటలే ముందు మాట్లాడతాయి. పావురం కాగితంలో సంతకం డబ్ల్యూ. స్టాట్ అని ఉంది, ముందు "సార్జెంట్" అన్న హోదాని కుదించి రాశాడు, కానీ "జీ"తో కాదు, "జే"తో. ఆ స్పెల్లింగ్ సైన్యంలో వాడేవారు, వైమానిక దళంలో "జీ"తో రాసేవారు. అంటే రాసినవాడు వైమానిక దళం మనిషి కాకుండా సైనికుడై ఉండే అవకాశం ఎక్కువ. ఎవరికి పంపాడన్న చోట "ఎక్స్ 02" అని ఉంది, అది వైమానిక దళంలోని బాంబర్ కమాండ్ అయ్యుండొచ్చని అనుకున్నారు. చివర 27 అన్న అంకె ఉంది, లెక్కపెడితే సరిగ్గా 27 గ్రూపులే ఉన్నాయి, కాబట్టి కాగితం చిరిగిపోయి సగమే దొరికిందన్న అనుమానం అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి ఎంత ఉపయోగమో చూడండి.

ఇంకా ఉంది. కాగితం మీద రెండు పావురాల నంబర్లు రాసి ఉన్నాయి, రెండూ నేషనల్ యూనియన్ ఆఫ్ రేసింగ్ పీజియన్స్ గుర్తుతో మొదలవుతాయి, ఒకదానిలో 40, ఇంకోదానిలో 37. అవి పావురాలు పుట్టిన సంవత్సరాలు, కాబట్టి కాగితం 1940 కంటే పాతది కాదు. రెండు నంబర్లు ఉన్నాయంటే ఒకే సందేశాన్ని రెండు పావురాలతో పంపారన్నమాట. రెండోది గూటికి చేరి ఉంటే? అప్పుడు ఇదే సందేశం విప్పిన రూపంలో, మామూలు ఇంగ్లీషులో, ఏదో ఒక ఆఫీసు ఫైల్లో ఉండాలి. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నాలుగో అడుగు: లెక్కపెట్టడం

పావురం కాగితంలో మొదటి గ్రూపు, చివరి గ్రూపు ఒకటే: ఏ-ఓ-ఏ-కే-ఎన్. మొదట్లో, చివర్లో ఒకే గ్రూపు ఉంటే అది సందేశంలో భాగం కాదని, ఏ కీ (సైఫర్‌ని నడిపే రహస్య మాట లేదా అంకెలు) వాడారో, పుస్తకంలో ఏ పేజీ నుంచి మొదలుపెట్టారో చెప్పే గుర్తు అని అనుకోవడం సహజం. దీన్ని ఇండికేటర్ అంటారు. ఆ రెండూ పక్కనపెడితే 25 గ్రూపులు, 125 అక్షరాలు మిగులుతాయి.

ఇప్పుడు ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. నా నకలు ప్రకారం హెచ్, కే, ఆర్ ఎనిమిదేసి సార్లు, ఎఫ్, ఎన్, పీ ఏడేసి సార్లు, క్యూ ఆరుసార్లు, జెడ్ నాలుగుసార్లు, "ఈ" కూడా నాలుగే సార్లు, యూ ఒక్కసారి. మామూలు ఇంగ్లీషు 125 అక్షరాలు తీసుకుంటే అందులో "ఈ" పదిహేను సార్ల దాకా రావాలి, "క్యూ" బహుశా ఒక్కసారి కూడా రాదు. ఇక్కడ "క్యూ" కంటే "ఈ" తక్కువ. ఒక్క ఈ గమనికతో సైఫర్లలో ఒక పెద్ద కుటుంబం పక్కకి పోతుంది: అక్షరాలని అలాగే ఉంచి వాటి స్థానాలు మాత్రమే తారుమారు చేసే ట్రాన్స్‌పొజిషన్ ఇది కాదు. తారుమారు చేసినంత మాత్రాన "ఈ"ల సంఖ్య మారదు కదా.

తర్వాత ఒక కొలత ఉంది, ఇండెక్స్ ఆఫ్ కోయిన్సిడెన్స్ అంటారు, పేరు చూసి టెన్షన్ పడక్కర్లేదు. సందేశంలోంచి కళ్లు మూసుకుని రెండు అక్షరాలు తీస్తే అవి రెండూ ఒకటే అయ్యే అవకాశం ఎంత అన్నదే ఆ కొలత. ప్రతి అక్షరానికి అది ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యని, అందులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో గుణించాలి. ఎనిమిదిసార్లు వచ్చినదానికి 8 ఇంటూ 7, అంటే 56. ఇలా 26 అక్షరాలకీ చేసి కూడాలి. మొత్తం అక్షరాలకీ అదే చేసి, 125 ఇంటూ 124, అంటే 15,500, దానితో భాగించాలి. నాకు పైన 570 వచ్చింది, భాగిస్తే 0.0368. మామూలు ఇంగ్లీషుకి ఈ కొలత 0.066 చుట్టూ ఉంటుంది. 26 అక్షరాలని చీట్లలో వేసి తీసినట్టు వస్తే 0.0385. మనకి వచ్చింది చీట్లు తీసిన లెక్క కంటే కూడా కాస్త తక్కువే. ఒక అక్షరం బదులు ఎప్పుడూ ఇంకో అక్షరాన్నే పెట్టే మామూలు మార్పిడి సైఫర్ అయితే ఈ కొలత మారదు, 0.066 దగ్గరే ఉండాలి. కాబట్టి అది కూడా పోయింది.

ఇక మిగిలినవాటిలో కీ మాటలోని అక్షరాల ప్రకారం ఒక్కో అక్షరాన్నీ ఒక్కోలా జరుపుతూ, ఆ మాట మళ్లీ మళ్లీ తిరిగే విజెనేర్ సైఫర్ లాంటిది ఉందేమో చూడాలంటే తిరిగి వచ్చే ముక్కల కోసం వెతకాలి. జే-ఆర్-జెడ్ అనే మూడక్షరాలు ఇందులో రెండుసార్లు కనిపిస్తాయి, మధ్య దూరం 54 అక్షరాలు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, కీ పొడవు 54ని భాగించే 6 అనో 9 అనో 18 అనో తేలిపోయిందనుకున్నాను. తర్వాత లెక్క వేశాను. 125 అక్షరాల్లో 123 మూడక్షరాల ముక్కలుంటాయి, వాటిని రెండేసి జతపరిస్తే 7,503 జతలు, మూడక్షరాల కలయికలు మొత్తం 17,576. అంటే ఏ అర్థమూ లేని అక్షరాల్లో కూడా ఇలా ఒక ముక్క రెండుసార్లు రావడానికి మూడింట ఒక వంతు పైగానే అవకాశం ఉంది. ఒక్క పునరావృతం దేనికీ సాక్ష్యం కాదు. అయినా 6 నిలువు వరుసల్లోనూ, 9 వరుసల్లోనూ రాసి ప్రతి వరుసకీ పైన చెప్పిన కొలత తీసి చూడండి, చేయి తిరగడానికి ఇంతకంటే మంచి అభ్యాసం లేదు.

విజెనేర్ నిజంగా ఉంటే ఎలా చిక్కుతుందో చూడాలంటే అమెరికా అంతర్యుద్ధం నాటి సీసా చూడండి. 1863 జులై 4న, విక్స్‌బర్గ్ నగరం లొంగిపోయిన రోజునే, దాన్ని కాపాడుతున్న దక్షిణాది సైన్యపు జనరల్ పెంబర్టన్‌కి రాసిన ఆరు వరుసల సందేశం చిన్న సీసాలో చుట్టి ఉండిపోయింది. 2010లో అది విడిపోయిన వార్త బయటికొచ్చింది. నదికి ఇవతలి నుంచి సాయం ఆశించవద్దని దాని సారాంశం. కీ "మాంచెస్టర్ బ్లఫ్". దక్షిణాది సైన్యం యుద్ధమంతా ప్రధానంగా వాడినవి మూడే కీ మాటలు, అందులో ఇదొకటి. గణితం కంటే ఆ సైన్యం అలవాట్లు తెలియడం ఎంత పనిచేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఐదో అడుగు: ఏ కుటుంబం

అక్షరాలు ఎన్ని రకాలున్నాయో చూస్తేనే సగం తెలుస్తుంది. మొత్తం సందేశంలో ఏ, డీ, ఎఫ్, జీ, వీ, ఎక్స్ అనే ఆరే అక్షరాలుంటే అది మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో జర్మన్లు వాడిన సైఫర్, దాని పేరే ఆ ఆరు అక్షరాలు. నాలుగైదు అంకెల సంఖ్యలుంటే కోడ్‌బుక్ అనుకోవచ్చు. 1917 జనవరిలో జర్మనీ విదేశాంగ మంత్రి పంపిన జిమ్మర్‌మాన్ టెలిగ్రామ్‌లో మెక్సికోకి 67893, సంతకానికి 97556. ఇలాంటివాటిని అక్షరాల లెక్కతో విప్పలేరు, సంఖ్యకి ఒక మాట చొప్పున పుస్తకాన్నే తిరిగి కట్టుకోవాలి.

ఈ రెండిటికీ మధ్యలో ఉండేదే నాకు అన్నిటికంటే ఇష్టం, తెలుగువాళ్లకి వెంటనే అర్థమయ్యేది కూడా. ఫ్రాన్స్ రాజు 14వ లూయీ కాలపు ఫ్రెంచి సైన్యం ఉత్తరాలు సంఖ్యల్లో రాసి ఉండేవి, రెండు వందల ఏళ్లు ఎవరికీ కొరుకుడు పడలేదు. 1890 ప్రాంతంలో ఎతియెన్ బజెరీ అనే ఫ్రెంచి సైనికాధికారి చేతికి అవి వచ్చాయి. వేరు వేరు సంఖ్యలు 587 ఉన్నాయని ఆయన లెక్క. 587 అంటే అక్షరమాలకి మరీ ఎక్కువ, మాటల పుస్తకానికి మరీ తక్కువ. మరి ఏమిటి? మన గుణింతాలు తలుచుకోండి. క నుంచి కః దాకా, గ నుంచి గః దాకా రాసుకుంటూ పోతే కొన్ని వందలొస్తాయి. సంఖ్య ఒక్కొక్కటి ఒక గుణింతపు అక్షరం లాంటిది, ఫ్రెంచి సిలబుల్. బజెరీ ఇక్కడికి రావడానికి ముందు వేరే దారుల్లో నెలలు పోగొట్టుకున్నాడు. మనం పలకా బలపం నాటి నుంచి సిలబుల్స్‌తోనే రాస్తున్నాం కాబట్టి ఇలాంటి పత్రం ముందు మనకి ఆ ఆలోచన తొందరగా తట్టాలి.

ఇంకొక చిక్కు, ఉత్తుత్తి గుర్తులు. చిన్నప్పుడు "క" భాష మాట్లాడుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రాము అనడానికి "కరాకము" అంటే, "క"లు తీసేస్తే మాట వచ్చేస్తుంది, తెలియనివాడికి మాత్రం గజిబిజి. పాత సైఫర్లలో ఇలాంటి అర్థం లేని సంఖ్యలు కావాలనే చల్లేవారు. లూయీ సైఫర్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు, ముందున్న గుర్తుని కొట్టేయమని చెప్పే సంఖ్య కూడా ఉంది.

ఆరో అడుగు: తెలిసిన మాటని లాగి చూడటం

ఇప్పుడు, లెక్కలన్నీ అయ్యాక మాత్రమే, ఊహకి చోటు. యుద్ధంలో రాసిన ఉత్తరంలో తప్పకుండా వచ్చే మాట ఏది? బజెరీ "శత్రువులు" అన్న ఫ్రెంచి మాట, లెజ్ ఎన్నెమీ, ఉంటుందనుకున్నాడు. మళ్లీ మళ్లీ వచ్చే వరుస 124-22-125-46-345. అది లె, ఎన్, నె, మి, ఎస్ అయితే? ఆ ఐదు సంఖ్యలూ మిగతా చోట్ల పెట్టి చూస్తే పక్క మాటలు కొద్దికొద్దిగా బయటపడ్డాయి. మొత్తానికి మూడేళ్లు పట్టింది. ఈ ఊహించిన మాటని క్రిబ్ అంటారు.

క్రిబ్ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తేల్చే నియమం కూడా ఉంటే పని ఇంకా తేలిక. జర్మన్ల సంకేత యంత్రం ఎనిగ్మాలో ఏ అక్షరమూ తనలాగే బయటికి రాదు, "ఏ" ఎప్పుడూ "ఏ" కాదు. మీ క్రిబ్‌ని సందేశం కింద పెట్టి ఒక్కో గడి జరుపుతూ పోండి, పైనా కిందా ఒకే అక్షరం ఎక్కడైనా కలిస్తే ఆ స్థానం తప్పు, ముందుకి పోండి. క్రిబ్ పొడవైతే చాలా స్థానాలు ఇలాగే కొట్టుకుపోతాయి. క్రిబ్‌లు ఊహలోంచి కాకుండా అదే కాలపు విప్పిన సందేశాల్లోంచి తీసుకోండి: వాతావరణం ఎలా రాసేవారు, హోదాలు ఎలా కుదించేవారు, ఉత్తరం ఎలా మొదలుపెట్టేవారు.

ఏడో అడుగు: పుస్తకం కోసం, తోబుట్టువుల కోసం వెతకడం

కీ ఒక్కసారే వాడి చింపేసే వన్ టైమ్ ప్యాడ్ అయితే సందేశాన్ని ఎంతసేపు చూసినా లాభం లేదు. 125 అక్షరాల ఏ ఇంగ్లీషు వాక్యాన్నైనా అందులోంచి బయటికి తీయగలిగే కీ ఒకటి ఉంటుంది, ఏది నిజమో చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. కానీ మనుషులు తప్పులు చేస్తారు. 1942 మొదట్లో సోవియట్ వాళ్లు ప్యాడ్ పేజీలు దాదాపు 35,000 రెండుసార్లు అచ్చువేశారు. ఒకే పేజీతో రాసిన రెండు సందేశాల్లో ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే కీ కొట్టుకుపోతుంది. అమెరికన్లు 1943 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన వెనోనా అనే పని ఆ తప్పు మీదే 1980 దాకా నడిచింది, దాదాపు 3,000 సందేశాలు పూర్తిగానో కొంతగానో చదివారు. అందుకే ఒక ఇండికేటర్ మీ పత్రంలో కనిపిస్తే, అదే ఇండికేటర్ ఉన్న ఇంకో పత్రం, అంటే దాని తోబుట్టువు కోసం వెతకడమే మీ అసలు పని.

పుస్తకం విలువ ఎంతో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 1942 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గాములు నాలుగు రోటర్ల (తిరిగే చక్రాల) ఎనిగ్మాకి మారాక బ్రిటిష్ వాళ్లకి పది నెలలు అట్లాంటిక్ సందేశాలు చీకటిగా ఉండిపోయాయి. అక్టోబర్ 30న తూర్పు మధ్యధరాలో మునిగిపోతున్న జర్మన్ జలాంతర్గామి యూ-559లోకి బ్రిటిష్ నావికులు టోనీ ఫాసన్, కోలిన్ గ్రేజియర్ దిగి పుస్తకాలు బయటికి అందించారు, ఇంకా తీస్తుండగానే దానితో పాటు మునిగి చనిపోయారు. డిసెంబరులో ఆ పుస్తకాలతోనే చీకటి తొలగింది. ఆర్కైవ్‌లో అట్టలు ఊడిన కోడ్‌బుక్ ఒకటి కనబడితే దాన్ని దాటిపోకండి, ప్రతి పేజీ ఫొటో తీసుకోండి.

ఎనిమిదో అడుగు: కంప్యూటర్

క్రిప్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు మొదట్లో. లోపల జరిగేది సూటిగా చెప్తాను: కీలో చిన్న మార్పు చేస్తుంది, బయటికొచ్చింది భాషలా ఉందో లేదో ఒక మార్కు వేస్తుంది, మార్కు పెరిగితే ఆ మార్పు ఉంచుతుంది, తగ్గితే వెనక్కి తీసుకుంటుంది. ఆ మార్కు వేయడానికి నాలుగో అడుగులో చేతితో చేసిన కొలతే పనికొస్తుంది. 1942లో ఉత్తర అట్లాంటిక్‌లో పట్టుకున్న మూడు ఎనిగ్మా సందేశాలు విడిపోకుండా ఉండిపోతే, స్టెఫాన్ క్రా అనే వయొలిన్ కళాకారుడు 2006లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల కంప్యూటర్లు ఎన్నో కలిపి ఈ పద్ధతిలోనే నడిపించాడు. ఫిబ్రవరి 20న మొదటిది, మార్చి 7న రెండోది విడిపోయాయి. మూడోది 2013 దాకా ఆగింది. మొదటి సందేశంలో జలాంతర్గామి యూ-264 కెప్టెన్ లుక్స్, దాడిలో నీళ్లలోకి మునగాల్సి వచ్చిందని, శత్రువు చివరిగా ఎక్కడ కనిపించాడో, బారోమీటర్ 14 మిల్లీబార్లు పడిందని రాశాడు. అరవై ఏళ్లు దాటాక దాన్ని మొదటిసారి చదవగలిగిన ఆ రోజు గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఏ యంత్రమో, ఏ పద్ధతో తెలిసినప్పుడే కంప్యూటర్ ఇలా పనిచేస్తుంది. పద్ధతి తెలియని 125 అక్షరాలని దానికిచ్చి కూర్చుంటే కరెంటు బిల్లు తప్ప ఏమీ రాదు.

తొమ్మిదో అడుగు: విడిపోయిందనుకున్నప్పుడు

పావురం సందేశం విడిపోయిందని 2012 డిసెంబరులోనే ఒక వార్త వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి పుస్తకం వాడి, అక్షరాలని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలుగా తీసుకుని, ట్యాంకులు, ఫిరంగులు అంటూ ఒక కెనడా వ్యక్తి సందేశం మొత్తం చెప్పాడు. జీసీహెచ్‌క్యూ దానితో ఏకీభవించలేదు, నేను కూడా. "పీ"తో మొదలయ్యే మాటలు వేలున్నాయి, ఏది కావాలంటే అది పెట్టుకునే స్వేచ్ఛ ఉంటే ఏ కాగితంలోంచైనా ఏ కథైనా వస్తుంది. పైగా నాలుగో అడుగులో చూసిన లెక్కకి ఇది కలవదు. మాటల మొదటి అక్షరాలే అయితే క్యూ, జెడ్, ఎక్స్ మామూలు ఇంగ్లీషులో ఎంత అరుదో ఇక్కడా అంతే అరుదుగా ఉండాలి కదా, ఇక్కడ ఆ మూడూ కలిపి పద్నాలుగుసార్లు వచ్చాయి.

బజెరీ అంత గొప్పవాడు కూడా ఇక్కడే జారాడు. 1691 జులైలో కూనియో ముట్టడి వదిలేసి వెనక్కి తగ్గిన బూలోండ్ అనే జనరల్‌ని బంధించమన్న ఉత్తరంలో 330, 309 అన్న రెండు సంఖ్యలు ఇంకెక్కడా కనిపించనివి ఉన్నాయి. బజెరీ 330ని "ముసుగు" అని చదివి, లూయీ కాలంలో ముఖం దాచి బంధించిన, ఎవరో తేలని "ఇనుప ముసుగు ఖైదీ" ఇతనే అన్నాడు. ఒక్కచోటే వచ్చే గుర్తుకి అర్థం చెప్తే దాన్ని పరీక్షించడానికి రెండో చోటు లేదు. అలాంటిదాన్ని ఖాళీగా వదిలేయడమే సరైన పని.

కాబట్టి మీ జవాబుకి నేను పెట్టే పరీక్ష ఇది: కీ, పద్ధతి మాత్రమే ఇంకొకరికి ఇవ్వండి, విప్పిన వాక్యం చెప్పకండి. వాళ్లకి అదే వాక్యం రావాలి. అదే కీతో తోబుట్టువు పత్రం కూడా విడిపోవాలి. సందేశం కంటే మీ వివరణ పొడవైతే అనుమానించండి.

పదో అడుగు: విడిపోకపోతే ఏం రాసిపెట్టాలి

ఎక్కువసార్లు విడిపోదు. అప్పుడు కూడా ఒక కాగితం రాసి పెట్టండి: స్కాన్ ఎక్కడ దొరికింది, మీ నకలు, అనుమానం ఉన్న అక్షరాలు, లెక్కలు, ఏవి కాదని తేలింది, ఎందుకు. పావురం సందేశానికి నా కాగితంలో ఇలా ఉంది: మార్పిడి కాదు, ట్రాన్స్‌పొజిషన్ కాదు, చిన్న కీ విజెనేర్‌కి ఆధారం లేదు, కోడ్‌బుక్ మీద ఇంకో సైఫరో, వన్ టైమ్ ప్యాడో అయ్యుండాలి. దాని కింద తెరవగలిగే దారులు రెండు రాశాను. ఒకటి, రెండో పావురం చేరుకుని ఉంటే అందిన సందేశాన్ని రాసుకున్న ఆఫీసు ఫైలు. రెండోది, అదే ఇండికేటర్‌తో మొదలయ్యే ఇంకో సందేశం.

అందుకే క్యూలోని ఆర్కైవ్స్ నుంచి యుద్ధకాలపు సిగ్నల్స్ స్కాన్ ఏది చేతికొచ్చినా, లోపల ఏముందో చదవకముందే ప్రతి పేజీ మీద మొదటి గ్రూపు చూస్తాను, ఏ-ఓ-ఏ-కే-ఎన్ ఉందేమోనని. మీరు చూసే ఫైళ్లలో అది కనిపిస్తే పేజీ నంబరు రాసుకోండి, ఫొటో తీయండి, ఆ పక్క పేజీలు కూడా.